రెండు గీతల మధ్య

ఇంజను చల్లారాకే చూడాలి.
అందుకే ఆదివారం పొద్దున, టీ కంటే ముందు,
ఆలెన్‌డేల్ చర్చి వెనక బానెట్ ఎత్తి నిలబడతాను.
ఈ కొండ ఊళ్ళో ఏటవాలు లేని నేల నాకు అక్కడే దొరికింది.
చేతిలో గుడ్డ, చిరిగిన నా పాత నర్సు యూనిఫాం చెయ్యి.
లాగి, తుడిచి, దింపి, మళ్ళీ లాగి
కడ్డీని వెలుతురుకు అడ్డంగా పడుకోబెడతాను
థర్మామీటరు చూసినట్టు.

కింద ఒక గీత. పైన ఒక గీత.
మధ్యలో ఒక లీటరు.

లక్షా నలభై వేల మైళ్ళు తిరిగిన డీజిల్ స్కోడా.
సర్వీసుకీ సర్వీసుకీ మధ్య రెండున్నర లీటర్లు తాగేది.
కింద చుక్క పడదు, వెనక పొగ రాదు.
మరెక్కడికి పోతోందయ్యా అంటే
మెకానిక్ ఇయాన్ ఫెదర్‌స్టన్ భుజాలెగరేస్తాడు.
"కొన్ని తాగుతాయి. కొన్ని తాగవు.
మా నాన్న తాగేవాడు, బాబాయి ముట్టేవాడు కాదు."

సీటు పక్కన చిన్న నోట్‌బుక్కు.
అక్టోబరు ఆరు, అర లీటరు.
నవంబరు పదిహేడు, అర లీటరు, ఇంకొంచెం.
పేషెంట్ల బరువులు ఇందులో రాయను.
అవి కంప్యూటర్లో ఉంటాయి, పేర్లతో.

జనవరిలో మంచు పడి పైరోడ్డు మూసేశారు.
నా రౌండు ఊరి చుట్టుపక్కలకే కుదించారు.
రెండు మైళ్ళు, ఒక ఇంజెక్షను.
మైలున్నర, కాలిపుండుకు కట్టు.
ఇంజను వేడెక్కేలోపే ఆపేసేదాన్ని.

ఆ నెల నూనె తగ్గలేదు.
ఫిబ్రవరిలో పైగీత దాటి వేలెడు పైకొచ్చింది.
తాగుడు మానేసిందనుకుని
మురిసిపోయి, కారు ముక్కు మీద తట్టి
"నా బంగారు కొండ" అన్నాను, తెలుగులోనే.

ఇయాన్ కడ్డీని నా ముక్కు దగ్గర పెట్టాడు.
బంకు వాసన.
"ఫిల్టరులో మసి కాలాలంటే దూరం పోవాలి.
నువ్వు సగంలో ఆపుతున్నావు.
కాలని డీజిలు గోడల వెంట జారి నూనెలో కలుస్తోంది.
అది తాగడం మానలేదు,
తాగిన చోటును డీజిలు నింపుతోంది."
వేళ్ళ మధ్య రుద్ది చూపించాడు.
జిగి లేదు. పులుసులా జారింది.

ఆ మంగళవారమే కదా
విల్ఫ్ నట్రాస్ గారు బరువు మిషనెక్కింది.
ఎనభయ్యొక్కేళ్ళు, గొర్రెల్ని కంటితోనే తూచిన మనిషి.
నాలుగు రోజుల్లో రెండు కిలోలు.
"చూశావా, మళ్ళీ ఒళ్ళు చేస్తున్నాను."
బెల్టుకి మాత్రం మేకుతో పొడిచిన కొత్త కన్నం.
మేజోళ్ళు కోసుకుపోయేంత బిగువు.
ముంగాలి మీద బొటనవేలు నొక్కి తీశాను.
గుంట అలాగే ఉండిపోయింది.
ఆయన దాన్నే కాసేపు చూసి
"ఈ పొట్టేల్ని సంతకి తోలకూడదన్నమాట" అన్నారు.

వాపు. బలుపు.
మా భాషలో ఒక సామెత ఉందని
ఈ రెండు మాటలూ ఇయాన్‌కి నేర్పబోయాను.
నాలుగుసార్లు పలికి చూసి
రెండూ ఒకేలా వినబడుతున్నాయన్నాడు.
అదేనయ్యా చిక్కు.

పాత నూనె దింపేశాడు. నల్లగా, గలగలా పోయింది.
నట్రాస్ గారికి నీటిమాత్ర రెట్టింపు చేశారు.
వారంలో నీరంతా పోయి అసలు బరువు బయటపడింది.
ఆ అంకెను ఇద్దరం చూశాం.
ఆయన చొక్కా గుండీలు పెట్టుకున్నారు,
నేను మిషను సంచీలో పెట్టుకున్నాను.

ఇప్పుడు శనివారాలు పనిలేకుండా కారు తీస్తాను.
హెక్సమ్ దాటి పెద్దరోడ్డెక్కి
నలభై నిమిషాలు, ఎక్కడా ఆగకుండా.
కార్లైల్లో నాకెవరూ లేరు.
అక్కడ వంతెన కింద తిప్పుకుని వచ్చేస్తాను.

ఏప్రిల్ ఆరు. చలి ఇంకా పోలేదు.
లాగి, తుడిచి, దింపి, లాగి చూస్తే
కింది గీతకు గోరంత ఎత్తులో
తేనెరంగులో, చిక్కగా.
తగ్గింది!
నోట్‌బుక్కులో ఆ మాట కింద రెండుసార్లు గీత కొట్టి
డబ్బా మూత తిప్పాను.
తాగవే తల్లీ,
తాగు.