అస్తరులో చప్పుడు

హెక్సమ్‌లో వాన కురవదు,
ఉంటుంది.
మన ముసురుకి నాలుగోరోజుకైనా విసుగొస్తుంది.
ఇక్కడి ముసురుకి ఎవరో జీతమిస్తున్నట్టున్నారు,
సెలవు పెట్టదు.

మా షాపు వెనకగదిలో
స్టవ్ మీద నీళ్ళగిన్నె,
అందులో మైనం డబ్బా.
అది కరిగేలోపు కోటు జేబులు ఖాళీ చేయాలి.
గడ్డిమోపులు కట్టే నారింజరంగు తాడు,
కుక్కకోసం దాచి మరిచిన బిస్కెట్ సగం,
సంతలో గొర్రెలమ్మిన చీటీ,
ఒకసారి బతికున్న నత్త.
అన్నీ కవర్లో వేసి పేరు రాస్తాను.
నత్తని మాత్రం పెరట్లో వదిలాను.

ఈ కోట్లు సముద్రమ్మీద పుట్టాయంటాడు
మా ఓనరు కథ్‌బర్ట్.
తడిస్తే బరువెక్కి ఓడని వెనక్కి లాగుతుందని
తెరచాపకి చేపనూనె పట్టించేవాళ్ళట.
చాప చిరిగితే
ఆ ముక్కే కోసుకుని నావికులు భుజాన కప్పుకున్నారట.
చేపనూనె పోయి అవిసెనూనె వచ్చింది,
అదీ పోయి మైనమొచ్చింది.
చేప ఇంకా పూర్తిగా పోలేదు, అంటాను నేను.
ఆయన నవ్వడు.

నాకిది బొత్తిగా కొత్త విద్యేం కాదు.
గొంగడికి చింతగింజల గంజి పట్టించిన చేతుల్లో
పెరిగినదాన్ని.
గొర్రెల వెంట తిరిగే మనిషికి
ఏ దేశంలోనైనా వాన దగ్గర ఒకటే బేరం:
భుజం దాకా రా,
లోపలికి రాకు.

వేన్నీళ్ళు తగలకూడదు, సబ్బు అసలే వద్దు.
చన్నీళ్ళ స్పాంజితో బురద తుడిచి
కుట్ల మీద రెండుసార్లు, మోచేతుల మీద మూడుసార్లు
గుండ్రంగా రుద్దాలి.
కార్డురాయ్ కాలరు జోలికి పోకూడదు.
రుద్దేకొద్దీ పాలిపోయిన ఆకుపచ్చ
తడిసిన నాచులా నల్లబడుతుంది.
అప్పుడు కనబడతాయి మడతలు.
ఎవరు ఎడంచేత్తో గేటు తీస్తారో,
ఎవరు తుపాకీ పట్టి చాలా ఏళ్ళయిందో,
గుడ్డ చెప్పేస్తుంది.

మొన్న న్యూకాజిల్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు,
నిన్న కొన్న కోటుతో.
"దీన్ని పాతదిలా చేయగలరా?"
చేస్తాం బాబూ,
ముప్ఫై ఏళ్ళు తొడుక్కుని పట్రా.

ఎనిడ్ మిల్‌బర్న్ కొండల్లోంచి దిగొచ్చింది,
చేతులు రెండు మడతలు వేసిన కోటులో.
భుజాలు ఆవిడవి కావు.
"మైనం పెట్టండి, కుడిజేబుకి చిల్లి" అంది,
అంతే.

చిల్లిలోంచి వేలుపెట్టి చూస్తే
గళ్ళ అస్తరు అడుగున ఏవో ఉన్నాయి.
కుట్టు విప్పాను.
చెల్లని నాణేలు మూడు,
గొర్రెచెవికి కుట్టే ఇత్తడి బిళ్ళ,
ఏ తాళానిదో చిన్న చెవి,
పళ్ళగాట్లున్న పెన్సిల్ ముక్క.
కవర్లో వేశాను.
చిల్లి కనబడకుండా కుట్టాను,
కొంచెం గర్వపడ్డాను కూడా.

గురువారం వచ్చి తొడుక్కుంది.
రెండడుగులు వేసి ఆగింది.
అంచు పట్టుకుని దులిపింది.
"చప్పుడేదీ?"

కవరిచ్చాను.
విప్పి చూడలేదు,
చెవి దగ్గర ఆడించింది.
"గేటు దగ్గర ఇది వినబడ్డాకే
నేను కెటిల్ పెట్టేదాన్ని.
మళ్ళీ అందులోనే వేసి కుట్టు."

మా ధరల పట్టికలో ఆ పని లేదు.
కథ్‌బర్ట్ అద్దాలు తుడుచుకుంటూ
అటు తిరిగి నిలబడ్డాడు.
నా మంచి కుట్టు నేనే విప్పి
ఒక్కొక్కటీ జారవిడిచాను.
పెన్సిల్ ముక్కకి చప్పుడు లేదు,
అయినా వేశాను.

తలుపు తీసుకుని వానలోకి వెళ్ళింది.
నీళ్ళు భుజమ్మీద పూసలై నిలిచి
ఆలోచించుకుని జారిపోతున్నాయి.
గలగల, ఒక అడుగు.
గలగల, ఇంకో అడుగు.
వ్యాన్‌లో పడుకున్న ముసలికుక్క
చెవులు రిక్కించి లేచి,
ఆవిడ వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని
చాలాసేపు చూసింది.

ఇక్కడ డబ్బాలో మైనం మీగడ కట్టింది.
మళ్ళీ స్టవ్ వెలిగించాను.