మూడో బెంచీ

నిన్న తిరుమలగిరిలో
మా దవాఖానకు పేరు మార్చిండ్రు.
బ్యాండు వచ్చింది, ఎర్ర తివాచీ వచ్చింది,
మూడు నెలల నుంచి లేవన్న షుగరు గోలీలు కూడా
అద్దాల అల్మారాలోకి వచ్చినయి.

తాడు గుంజితే పరదా సగం జారి
"సుబేదార్ బాణోతు లచ్చీ" కాడ చిక్కుకున్నది.
పెద్దసారు మళ్ళీ గుంజిండు.
యాదయ్య స్టూలెక్కి
చీపురుకట్టతో పొడిస్తే గానీ
"రాం" బయటపడలే.
నాకు నవ్వొచ్చింది.
వాడే పక్కన ఉంటే మోచేత్తో పొడిచేటోడు.

మైకుల వాడి కథ చదివిండ్రు:
మంచు, రాత్రి, కొండ,
ముగ్గురిని మోసుకొచ్చిన వీపు.
ఆ ముగ్గురిలో రెండోవాణ్ణి నేను.
లేచి నిలబడమన్నరు.
కట్టెకాలు బెల్టు సర్దుకునేలోపు
చప్పట్లు అయిపోయినయి.

వాళ్ళు చదవనిది ఒకటుంది.
నా నెత్తురు వాడి మెడ మీంచి కారుతుంటే
వాడు దారి పొడుగునా
లంబాడీ మాటల్లో ఏదో గొణిగిండు.
దేవుణ్ణి మొక్కుతున్నడనుకున్న.
ఇరవై ఏండ్ల తర్వాత ఇదే బెంచీ మీద అడిగితే చెప్పిండు:
"రొట్టెలు జెర తక్కువ తినరాదురా, అన్న."

పతకం సబ్బుడబ్బాలో ఉండేది,
పింఛను కాయితాల కింద.
సూదంటే భయం.
సిస్టరమ్మ దూది తడుపుతుంటేనే
గోడ మీది క్యాలెండర్ల
లేని పండుగలు వెతికేటోడు.

బొల్లారం నుంచి మొదటి బస్సుకే వచ్చి
మొదటి టోకెన్ తీసుకునేటోడు.
దాన్ని ఎవరో ఒక ముసలమ్మ చేతుల పెట్టి
మళ్ళీ పోయి లైన్ల నిలబడేటోడు.
తర్వాత మూడో బెంచీ,
రెగ్యులేటర్ లేని ఫ్యాన్ కింద.

ఆ రోజు వాడిది నలభై ఒకటి.
నలభై పిలిచిండ్రు.
నలభై ఒకటి పిలిచిండ్రు.
మళ్ళీ పిలిచిండ్రు.
"లచ్చీరాం ఉన్నడా, లేడా?"
కౌంటర్ల పిల్ల విసుక్కున్నది.
వాడి తల నా భుజం మీద ఉన్నది,
కునుకు తీస్తున్నడనుకున్న.
"ఉన్నడమ్మా" అన్న.

అంత బరువేం లేడు.

నిన్న దండ అందించింది ఆ పిల్లనే.
కొంగుతో కండ్లొత్తుకున్నది కూడా.
దాని తప్పేమున్నది.
అక్షరాలు బంగారు రంగు, బాగానే ఉన్నయి.
స్టేజీకి అడ్డమని బెంచీ జరిపిండ్రు,
ఇంకా తెచ్చి పెట్టలే.

ఇయ్యాల బీపీ చూపెట్టుకుందామని
లాల్ బజార్ల ఆటో ఎక్కిన.
"ఏడికి, తాతా?"
కొత్త పేరు చెప్పిన, హోదాతో సహా, పూర్తిగా.
పోరడు హ్యాండిల్ మీద చెయ్యి ఆపిండు.
"అదేడుంది?"
"అరె, మిలట్రీ దవాఖానరా."
"గట్ల చెప్పు మరి."

మూల మలిగినంక
అద్దంలోంచి అడిగిండు:
"లచ్చీరాం అంటే ఆడ పెద్ద డాక్టరా?"

"కాదు బిడ్డా.
పేషెంటు."