వన్నె

కోలోన్‌లో ఏడో వీధి. తాకట్టు కొట్టు.
తొమ్మిదికి షట్టరెత్తి
ముందుగా గీటురాయి తుడుస్తాను.
అరచేతిలో ఇమిడే నల్లరాయి.
ఎంత పెద్దింటి గొలుసైనా
దీని ముఖాన ఒక గీత గీసుకోవాల్సిందే,
ఆ తర్వాతే బేరం.

మా తాత థాడియస్ గిట్టెన్స్
బార్బడోస్ నుంచి ఓడ డెక్కు మీద పడుకుని వచ్చాడు.
వయసు పందొమ్మిది. చెప్పింది ఇరవై మూడు.
దిగగానే చేతిలో ఇత్తడి బిళ్ళ పెట్టారు,
అరవై రెండు వేల నాలుగు వందల పదకొండు.
పేరు అడిగారట కానీ
రాసుకున్నట్టు కనబడలేదట.

కాలువ తవ్వేచోట మనుషులు రెండు లోహాలు.
బంగారు పట్టీ, వెండి పట్టీ.
తెలుపు అనీ నలుపు అనీ ఏ బోర్డు మీదా లేదు,
మర్యాదస్తుల కాలువ అది.
తపాలా కిటికీ బంగారానిది, పక్క కిటికీ వెండిది.
తాగే నీళ్ళూ అంతే:
ఒకే చెరువు, ఒకే గొట్టం,
చివర్న మాత్రం రెండు నోళ్ళు.

బంగారానికి దోమతెరలున్న ఇల్లు, జీతంతో సెలవు.
వెండికి గంటకు పది సెంట్లు,
కుర్చీల్లేని భోజనశాల.
తాత ఏడేళ్ళు నిలబడి తిన్నాడు.
ముసలితనంలో అమ్మమ్మ కుర్చీ లాగి వేసినా
పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడేవాడు.
మేం పిల్లలం, నవ్వేవాళ్ళం.

ఎథెల్‌బర్ట్ యార్డ్ సంగతి చెప్పేటప్పుడు మాత్రం
గొంతు తగ్గించేవాడు.
నల్లవాడు, గుమాస్తా, ముత్యాల్లాంటి దస్తూరీ.
మొదట్లో బంగారు పట్టీలోనే ఉన్నాడట.
ఒక శనివారం జీతాల రైలు వచ్చింది,
అతని పేరు అవతలి వరసలో పిలిచారు.
నిన్న బంగారం, ఇవాళ వెండి.
చేతిలో అదే కలం.
ఏ కంసాలి కరిగించాడో, ఏ మూసలో పోశాడో,
కాలిన వాసనైనా రాలేదు.

గలీసియా నుంచి వచ్చిన ఎలాదియో తెల్లగానే ఉండేవాడు,
ఎండకి కందిపోయి, చెవులు ఊడిపోతూ.
వాడూ వెండే.
ఎందుకని అడిగితే
మేస్త్రీ కాసేపు బుర్ర గోక్కుని
"సరిపడా తెలుపు కాదు" అన్నాడట.
ఆ రాత్రే తాతకి తెలిసింది,
రంగు కంటితో చూసేది కాదు
చిట్టాలో రాసేదని.

కులెబ్రా కొండ పట్టీలు చదవలేదు,
జారినప్పుడు అందరి మీదా జారింది
అని చెప్పాలనుంది.
కానీ కింద, బురదలో,
పార పట్టుకుని ఉన్నదెవరు?

ఆ తర్వాత మా అమ్మ,
ఇక్కడే పుట్టి, ఇక్కడి వానలోనే తడిసి పెరిగింది,
ఒక చట్టం వచ్చిన ఉదయం
పరాయిది అయిపోయింది.
వంటింట్లో ఇంగ్లీషు పాడుకునే ఆడది
ఏ దేశానిదో తేల్చడానికి
పై ఊళ్ళో ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు.
అమ్మ చేపలు వేపుతూనే ఉంది.

నిన్న ఒకాయన వచ్చాడు. యాత్రికుడు.
పర్సు పోయింది, రెండ్రోజులకి డబ్బు కావాలి.
పట్టుగుడ్డలోంచి పతకం తీశాడు,
బంగారు పట్టీ వాళ్ళకు మాత్రమే ఇచ్చిన పతకం.
గీశాను. పచ్చగా మెరిసింది గీత.
ద్రావకం చుక్క వేశాను,
నురగ కక్కి మాయమైంది.
పాత యంత్రాల తుక్కు కరిగించి పోసిన కంచు.

నా సొరుగులో తాత బిళ్ళ ఉంది.
ఏం తోచిందో, దాన్నీ పక్కనే గీశాను.
మరో పచ్చటి గీత, మరో చుక్క.
కాకి బంగారాలు రెండూ
ఒక్కలాగే పోయాయి.

"సరిగ్గా చూడమ్మా," అన్నాడాయన,
"మా ముత్తాత బంగారు పట్టీ మనిషి."
"అవునండీ," అన్నాను,
"పట్టీ బంగారమే."

పది డాలర్లిస్తానంటే వద్దన్నాడు.
గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.
రాయి మీద నీళ్ళు చల్లి తుడిచాను,
మళ్ళీ నల్లగా, శుభ్రంగా.
గుమ్మంలో ఇంకెవరో నిలబడి ఉన్నారు.
కూర్చోమన్నాను.