కానీ

గుణుపురం సంతలో మా నాన్న తక్కెడ
పుట్టుకతోనే ఒకవైపు మొగ్గేది.
రాళ్ల సిబ్బి బరువు, సరుకు సిబ్బి తేలిక.
దిద్దించడానికి పర్లాకిమిడి దాకా ఎవరు పోతారని
మేకుతో చిల్లు పొడిచి
సరుకు సిబ్బి గొలుసుకి వేలాడదీశాడు
ఎర్ర ఏగానీ ఒకటి.
దానిమీద రాణికి ముక్కు అరిగిపోయింది.
ఏ కొట్లోనూ చెల్లదు.
పాసంగం అంటారు,
చెల్లనిదానికి దొరికిన ఉద్యోగం.

మాటగా మాత్రం మా ఇంట్లో రోజూ చెల్లేది.
మా చిన్నాన్నని నానమ్మ
"కానీకి కొరగాడు" అని తిట్టి
వాడి కంచంలోనే రెండు చెంచాల నెయ్యి వేసేది.
"దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు"
అని అమ్మ, రుబ్బురోలు దగ్గర.
ఒరియా బడిలో మాస్టారు "షోళఅణా ఠిక్" అంటే
ఇంటికొచ్చి పదహారణాలా రైటని చెప్పేవాణ్ణి.
నయాపైసలు వచ్చి చాన్నాళ్లయినా
రెండు భాషల్లోనూ రూపాయికి అణాలు పదహారే.

సంతరోజు పొద్దున్న మేం అమ్మేవాళ్లం,
ఉప్పు, బెల్లం, పొగాకు.
మధ్యాహ్నం కొనేవాళ్లం,
కొండ దిగిన చింతపండు, పసుపు కొమ్ములు.
పదేళ్ల వాణ్ణి, గోనెసంచి మూతి పట్టుకుని నిలబడేవాణ్ణి.
అన్నం తిని వచ్చాక నాన్న
చెయ్యి తుడుచుకున్నంత మామూలుగా
గొలుసు నుంచి కానీ విప్పి
చొక్కా జేబులో వేసుకునేవాడు.

సొంబారి అని ఒక సవర ముసలమ్మ,
సాగిన చెవి తమ్మెలు, భుజం మీద పొగచుట్ట వాసన,
గంప దించి తక్కెడకేసి చూసింది.
రాళ్ల మీద అంకెలు ఆమెకి రావు.
"బాబూ, ఎర్రది ఏదీ?"
ఏ ఎర్రది?
"కానీ. పొద్దున్న ఉప్పు తూచినప్పుడు ఉంది కదా, కానీ?"

నాన్న నవ్వాడు.
"కానీ, కానీ," అన్నాడు,
"కానియ్యవే, వెనకాల జనం ఉన్నారు."

ఆ పూట తెలుగు ఎంత సాయం చేసిందో ఆయనకి!
నాణెమూ అదే మాట, తొందరా అదే మాట,
చెప్పబోయి ఆగేచోట ఉండేదీ అదే మాట.
ఆమెకి మా భాష సంతకి సరిపడా మాత్రమే వచ్చు.
నా వైపు ఒకసారి చూసి
ఇంకో చిటికెడు చింతపండు సిబ్బిలో వేసింది.
ముల్లు నిటారుగా నిలబడింది.
నేను సంచి మూతి ఇంకొంచెం వెడల్పు చేశాను.

కానీ బరువు ఎంతని?
ఆరు గ్రాములు, పైన ఒక నలుసు.
సంతకి నూటయాభై తూకాలు, ఏడాదికి యాభై సంతలు,
ముప్పై ఏళ్లు.
నాన్న పోయిన పదమూడో రోజు రాత్రి
ఆయన చిట్టాలోనే, ఆయన పెన్నుతోనే
ఈ లెక్క వేశాను.
మేడ మొత్తం దానిదే అని ఏడిస్తే
అదీ దొంగ తూకమే.
చింతపండు ధర, సిమెంటు ధర, మేస్త్రీ కూలి
అన్నీ కలిపి తేలింది,
మెట్లలో కింది అయిదు.
ఆరో మెట్టు నుంచీ మా కష్టార్జితం.

ఇప్పుడు కొట్లో కరెంటు కాటా.
ఎర్ర అంకెలు, ముద్ర వేసిన కాగితం.
సొంబారి తరపు వాళ్లెవరైనా వస్తారేమో అని
చాలా ఏళ్లు ఎదురుచూశాను.
వచ్చే ఉంటారు. గుర్తుపట్టడానికి నాకేం తెలుసు?
మా మనవరాలు లిప్సా మొన్న
సొరుగులో కానీ పట్టుకుంది.
"కానీకి కొరగాడు అంటావు కదా తాతా, ఇదేనా?"
కాటా మీద పెట్టింది.
పది గ్రాముల లోపు దానికి కనబడదు.
సున్నా చూపించింది.

"దీనికి బరువే లేదు" అంది పిల్ల.
"లేదమ్మా," అన్నాను, "కానీ..."

తర్వాత మాట కోసం వెతుక్కుంటూ
మెట్లు దిగడం మొదలుపెట్టి
ఆరో మెట్టు మీద కూర్చుండిపోయాను.