అతుకు

కార్డిఫ్ రేవు పక్కన
ఉప్పుగాలి దూరకుండా కిటికీలకి రబ్బరు పట్టీలు వేసిన గది.
బల్ల మీద బారుగా నలభై తెల్ల గిన్నెలు.
గ్వెన్‌లియన్ ప్రాసర్ చెంచాడు తీసుకుని
ఈల వేసినంత చప్పుడుతో జుర్రుతుంది,
బుగ్గల్లో తిప్పుతుంది, ఇత్తడి కుండలోకి ఉమ్మేస్తుంది.
"అస్సాం. వానకి ముందు కోసింది. కాస్త కోపంగా ఉంది."

చేరిన మొదటి వారం నేను
"ఈ రెండూ మిక్స్ చెయ్యనా?" అని అడిగాను.
ఆమె చెంచా కింద పెట్టింది.
"మిక్స్ చేసేది, అదిగో, ఆ డ్రమ్ము.
అతుకు నాలిక్కి తగిలినంతసేపూ మిక్సే.
తగలకపోతే బ్లెండ్.
డబ్బా మీద రాయకుండా కలిపావా, కల్తీ. జైలు."

అప్పట్నుంచి మాటల్ని కూడా
జుర్రి, తిప్పి, ఉమ్మేస్తున్నాను.

జంబుల్ అంటే చాపెల్ వెనక హాల్లో శనివారం అమ్మకం.
ఒంటి గ్లవ్, బొత్తాల్లేని కోటు,
ఎవరిదో పెళ్ళి ఫోటో, ఫ్రేముతో సహా యాభై పెన్నీలు.
ఒకే బల్ల మీద ఉంటాయి గానీ
ఒకదాన్నొకటి ఎరగవు.

మెడ్లీ మా హ్యూ మామయ్యది.
మూడో గ్లాసు తర్వాత అకార్డియన్ తీస్తాడు,
ఒక పాట తోక పట్టుకుని ఇంకో పాట మీదికి ఎక్కుతాడు,
ఎక్కడ జారాడో గోడవతల వాళ్ళకీ తెలుస్తుంది.

అల్లాయ్ తాతది. ఈస్ట్ మూర్స్ కొలిమి దగ్గర ముప్పయ్యేళ్ళు.
ఉక్కులో పడ్డాక నికెల్ తన పేరు చెప్పుకోదనేవాడు.
మా నాన్న గురించి అంటున్నాడో
నిజంగా నికెల్ గురించేనో
ఆయన పోయాక అడగడానికి ఎవరూ లేరు.

నాన్న వర్సామె, ఓడలో వంటవాడు.
మా దగ్గుకి అల్లం, మిరియం, లవంగం దంచి
తేనెలో ఉడికించి సీసాలో పోసేవాడు.
స్కూలు నర్సు మూత తీసి వాసన చూసి
"ఏమిటీ కన్‌కాక్షన్?" అంది.
ఆ మాటకి అప్పుడు అర్థం తెలీదు,
ముక్కు ముడత మాత్రం తెలుసు.
నాన్న దాన్ని మందు అనేవాడు. దగ్గు తగ్గేది.

మా కుక్క మాంగ్రెల్.
అదే రంగు, అదే చెవులు ఉన్న పక్కింటి కుక్క క్రాస్,
దాన్ని డబ్బు పెట్టి కొన్నారు.

హాచ్‌పాట్ అంటే గిన్నెడు గందరగోళం అనుకునేదాన్ని.
అమ్మమ్మ పోయిన నెలకి
సొలిసిటర్ మిసెస్ వోస్పర్ కళ్ళజోడు సర్దుకుని
వీలునామాలో ఆ మాట చదివింది:
బతికుండగా ఎవరేం పుచ్చుకున్నారో
లెక్కలో తిరిగి కుండలో వెయ్యాలి,
తర్వాతే పంపకం.
హ్యూ మామయ్య వ్యాను వేశాడు.
పిన్ని ఇంటి బయానా వేసింది.
అమ్మ ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
నాన్నని పెళ్ళాడిన రోజు
ఆమెకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.
ఆ మధ్యాహ్నం, మొట్టమొదటిసారి,
అందరికన్నా పెద్ద వాటా అమ్మది.

ఈ ఏడు కెన్యా ఆకు సరిగ్గా రాలేదు.
మా పాత బ్లెండ్‌లో అదే వెన్నెముక.
"నువ్వు చూసుకో హోడన్," అని ప్రాసర్ కోటు వేసుకుని వెళ్ళిపోయింది.
పదకొండు రోజులు. మలావీ కొంచెం, సిలోన్ చిటికెడు,
మళ్ళీ మలావీ. రాత్రుళ్ళు నిద్ర లేదు, అంత టీ.
నెల తర్వాత బారీ నుంచి ఒక ముసలాయన కార్డు:
"ఎప్పటిలాగే ఉంది."
ఆమె దాన్ని గోడకి గుచ్చింది, నా వైపు చూడకుండా.

మొన్న పన్ను తీయించుకోడానికి వెళ్ళాను.
ఇంజెక్షన్ ఇచ్చి కూర్చోబెట్టాక
రిసెప్షన్ అమ్మాయి ఫారం తెచ్చింది, ఒక గడి మర్చిపోయారట.
మిక్స్‌డ్, అని ఉంది.
ఆ మాటలో డ్రమ్ము ఇంకా తిరుగుతోంది.
ఎదురు కుర్చీలో పెద్దావిడ, అల్లిక ఆపి,
"ఏ ఊరమ్మా మీది?"
"ఇదే ఊరు," అన్నాను.
సగం మొద్దుబారిన నాలుకతో అన్నాను.
అతుకు ఆవిడకి తగిలిందో లేదో,
నాకైతే ఆ పూట ఏ రుచీ తెలియలేదు.