ఐదు గంటల తర్వాత

లిండ్‌క్విస్ట్ గారి కొరోలా అద్దం మీద
నల్ల అక్షరంతో స్టిక్కరు.
తనిఖీలో తప్పింది. అరవై రోజుల గడువు.
వూస్టర్‌లో ఏప్రిల్. రోడ్ల వార మిగిలిన మంచు
బొగ్గులా నల్లబడి ఉంది.

మూత మూడుసార్లు మార్చానంది ఆవిడ.
మూడు మూతలూ సంచిలోంచి తీసి
బల్ల మీద వరసగా పెట్టింది,
సాక్షుల్ని నిలబెట్టినట్టు.

కోడ్ చదివాను: అతి చిన్న లీకు.
అతి చిన్నదంటే అర మిల్లీమీటరు.
పెట్రోలు కారదు, నేల తడవదు, బండి ఆగదు.
ఆవిరి మాత్రం పోతూనే ఉంటుంది.

"వాసన రాలేదా?"
"ఆ జ్వరం తర్వాత నాకు కాఫీ వాసనే తెలీదు."
ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది.
ఏదో మాడుతోందని వెనక సీటు పిల్లలంటే
ఆపి, దిగి చూస్తుందట.
సొంత కార్లో చెప్పేవాళ్ళు లేరు.

తణుకులో మా మేనమామ సైకిల్ షాపు.
పంక్చరు వెతికే ఇనప బేసిను,
అందులో ఏడాదంతా మార్చని నీళ్ళు.
ట్యూబు ముంచి తిప్పుతుంటే
బుడగే చెప్పేది, ఇదిగో ఇక్కడని.
కారుని ముంచే బేసిను ఎక్కడుంది?
అందుకని, పొగ.

క్వాబెనా మెషిను తోసుకొచ్చాడు.
అందులో పోసేది పసిపిల్లల ఒంటికి రాసే నూనె.
వేడెక్కి తెల్లగా లేస్తుంది, సాంబ్రాణి కంటే మెత్తగా.
"ఒత్తిడి పెంచకు, హిమజా.
గట్టిగా ఊదితే లేని చిల్లు కూడా పడుతుంది."
మా యజమాని రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు.
ఇవాళ్టి నాలుగూ అయిపోయాయి.

గాలి బయటికెళ్ళే దారి మూసి పొగ వదిలాను.
గాజు గొట్టంలో చిన్న గుండు పైకి లేచింది.
కారు నిండాక అది కిందికి దిగాలి.
దిగలేదు.

పంపు సీలే అని పందెం కట్టాను, రెండు డోనట్లకి.
సీలు బాగానే ఉంది.
బొగ్గు డబ్బా దగ్గర లేదు.
ఇంజను పక్క వాల్వు దగ్గరా లేదు.
నలభై నిమిషాలు టార్చి పట్టుకుని
బండి కింద, పైకి చూసీ చూసీ
మెడ పట్టేసింది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఇక్కడ నిప్పుంటే ఆ మాట అనడానికి
ఎవరమూ మిగలం.

వెనక చక్రం పైన ప్లాస్టిక్ తొడుగు విప్పాను.
పెట్రోలు పోసే గొట్టం, దాన్ని పట్టి ఉంచే పట్టీ,
ఆ రెంటి మధ్య తుప్పు.
పదకొండు చలికాలాలు రోడ్డు మీద చల్లిన ఉప్పు.
ఉప్పు తిన్న విశ్వాసం ఇనుముకి ఉండదు.
అక్కడ్నుంచి లేస్తోంది
పొగ కాదు, పోగు.
ఒక్క తెల్ల దారం, టార్చి వెలుగులో,
నా ఊపిరి తగిలితే వంగుతూ.
ఊపిరి బిగబట్టాను.

లిండ్‌క్విస్ట్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని వంగారు.
"ఇంతేనా?"
"ఇంతే."
చాలాసేపు చూసింది.
గొట్టం మార్చడానికి మర్నాడు మధ్యాహ్నమైంది.
బోల్టు ఒకటి విరిగింది, దాని సంగతి వేరే.

బాగైందని నేనంటే చాలదు, కారే ఒప్పుకోవాలి.
ట్యాంకు సగం నిండి ఉండాలి.
రాత్రి మరీ గడ్డకట్టకూడదు.
తాళం తీశాక ఐదు గంటలు ఎవరూ కదపకూడదు.
అప్పుడు చీకట్లో తానే మేలుకుని
లోపలి గాలి కొంచెం పీల్చి, పట్టి,
జారిపోతోందా అని చూసుకుంటుంది.
ఇదంతా కాగితం మీద రాసిచ్చాను.

మూడో రోజు ఫోను.
"రాత్రి పదకొండున్నరకి కారు మూలిగింది.
దొంగేమో అనుకుని చెప్పులేసుకుని వెళ్ళాను."
"తలుపు తీశారా?"
"కదపొద్దన్నావుగా.
పక్కనే నిలబడ్డాను,
అది అయ్యేదాకా."