మేకు దిగే చోటు

"గోడకు మేకులు కొట్టబాకండి" అన్నాడు
ఓనరు దొరస్వామి రెడ్డి, తాళం చేతికిచ్చిన రోజే.
కొర్లగుంటలో ఇది మా మూడో ఇల్లు.
క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడతా ఉంది,
దేవుడి పటం బీరువాకు ఆనుకొని నిలబడి ఉంది,
మా గంగులు మాత్రం
సుత్తి పట్టుకొని ఇల్లంతా తిరగతా ఉంది.

బడి రిజిస్టర్లో గంగాభవాని. ఆరేళ్లు.
బొమ్మలిస్తే మూలన పడేసింది.
పక్కింటి బాషాన్న ప్లంబింగ్ సంచిలోంచి
ఆ సుత్తి ఎప్పుడు తెచ్చుకుందో.
"దేన్ని కొట్టాల నాయనా?" అంటుంది.
న్యాయమైన ప్రశ్నే.
అద్దె ఇంట్లో దానికి జవాబు లేదు.

మా లాడ్జిలో పద్నాలుగో రూము మంచం విరిగింది.
సేలం బరువో, వరంగల్ బరువో తెలీదు;
దర్శనానికి ముందు రాత్రి ఎవురూ సరిగ్గా నిద్రపోరు,
దొర్లతారు.
మేనేజరు రెండొందలకు ఇచ్చేసినాడు.
ఆటో పైన కట్టుకొని లీలామహల్ సర్కిల్ దాటుతుంటే
ఎవురో పెద్దాయన ఆగి దండం పెట్టినాడు,
పాడె అనుకున్నాడేమో.

నేను వడ్రంగిని కాను.
రూములు తెరిచేవాణ్ణి, బకెట్లు లెక్కపెట్టేవాణ్ణి.
గీత ఒక పక్క, కోత ఒక పక్క.
బాషాన్న గోడ మీంచి చూసి నవ్వలేదు.
"రంపాన్ని నొక్కబాకన్నా,
దాని బరువే దాన్ని దించుకుంటుంది" అన్నాడు,
లోపలికి పోయినాడు.

ఎత్తు ఎంత?
టేపు లేదు. గంగుల్ని నిలబెట్టి
మోచెయ్యి మడిచిన కాడ పెన్సిలు పెట్టినాను.
గీత పడేలోపల ఊపిరి బిగబట్టి
కాలివేళ్ల మీద లేచింది, దొంగది.
ఆ దొంగ అంగుళం అట్లే ఉంచేసినాను.
తర్వాతికి ఇటుకలున్నాయి,
ఏడాదికోసారి, కాలుకొకటి.

చిత్రిక పడతా ఉంటే
పట్టె అంచున నీలం పెన్నుతో రాత కనపడింది.
ఏ ఊరి పిల్లోడో, వంకర టింకరగా:
నాకు గుండు వద్దు.
అక్కడ చెయ్యి ఆపేసినాను.
ఆ అంచు అది నిలబడే వైపుకు తిప్పి బిగించినాను.

నాలుగో కాలు ఊగింది.
అట్టముక్క పెట్టినాను, ఊగింది.
లాడ్జి రసీదు నాలుగు మడతలు పెట్టి తోసినాను
(పెద్దలు ఇద్దరు, ఒక రాత్రి, అడ్వాన్సు ముట్టినది)
నిలిచింది.

పాత ఇనుము అంగట్లో వైస్ దొరికింది, తుప్పుది,
బల్ల కంటే దాని ఖరీదే ఎక్కువ.
అది అందులో మొదట బిగించింది
చీకిపారేసిన బెంగుళూరా టెంక.
లోపల ఎవురున్నారో చూడాలంట.
పొద్దుగూకేదాకా కోసింది.
ఎవురున్నారే అంటే
"పండుకోనుంది, లేపబాక" అనింది.

మొన్న అద్దెకొచ్చిన దొరస్వామి రెడ్డి
ముందు గోడలు చూసినాడు, నాలుగు పక్కలా.
తర్వాత బల్ల చూసినాడు.
చానాసేపు చూసినాడు.
"ఒక మేకు ఇయ్యి పాపా."
కొట్టినాడు. వంకరపోయింది.
ఇంకోటి. అదీ వంకరే.
"అంత గట్టిగా కొట్టబాక తాతా" అనింది గంగులు,
"దాని బరువే దాన్ని దించుకుంటుంది."

అద్దె చేతిలో పెట్టినాను.
లెక్కపెట్టుకోకుండానే జేబులో వేసుకొని
ఇంకో మేకు అడిగినాడు.